కనపడని దానికి తూకం: జంటతారల్లో కృష్ణబిలాలు

(అమలాపురంలో డిగ్రీ విద్యార్థులు, హైస్కూలు సైన్సు ఉపాధ్యాయుల ఎదుట చేసిన ప్రసంగానికి అక్షర రూపం. బోర్డు మీద వేసిన లెక్కల్ని ఆయా చోట్లే చేర్చాం.)

నమస్కారమండి. కృష్ణబిలం, అంటే వెలుగుని కూడా బయటికి రానివ్వని వస్తువు, అనగానే ఏ పుస్తకం తిరగేసినా ముందు కనిపించే పేరు సిగ్నస్ ఎక్స్-1. మొదట దొరికింది అదే, ఆ గౌరవం దానికి ఉండాల్సిందే. కానీ సాక్ష్యం ఎంత గట్టిదని అడిగితే మటుకు నేను దాన్ని ముందు వరసలో కూర్చోబెట్టను. ఎందుకు కూర్చోబెట్టనో చెప్పడానికే ఇవాళ వచ్చాను. అది తెలిస్తే, కృష్ణబిలానికి తూకం ఎలా వేస్తారో కూడా తెలిసిపోతుంది.

ముందు ఒక సంగతి తీసి పక్కన పెడదాం. కృష్ణబిలం చుట్టుపక్కల ఉన్నదంతా పీల్చేసుకుంటుందని అనుకుంటారు. అలా ఏమీ జరగదు. సూర్యుణ్ణి తీసేసి అంతే బరువున్న కృష్ణబిలాన్ని అక్కడ పెడితే భూమి ఇప్పుడు తిరుగుతున్న దారిలోనే, 365 రోజులకు ఒక చుట్టు చొప్పున తిరుగుతుంది. దూరం నుంచి చూస్తే దాని గురుత్వాకర్షణలో వింతేమీ లేదు. మనకు దారి దొరికేది అక్కడే. కృష్ణబిలం కనపడదు, కానీ దాని చుట్టూ తిరిగే నక్షత్రం కనిపిస్తుంది. ఆ నక్షత్రం ఎంత వేగంగా తిరుగుతోంది, ఒక చుట్టుకి ఎన్ని రోజులు తీసుకుంటోంది, ఈ రెండూ దొరికితే చాలు.

వేగం ఎలా కొలుస్తారు? నక్షత్రపు వెలుగుని వర్ణపటంగా విడదీస్తే మధ్యలో నల్లటి గీతలు ఉంటాయి. నక్షత్రం మన వైపు వస్తుంటే గీతలు నీలం వైపు, దూరం పోతుంటే ఎరుపు వైపు జరుగుతాయి. రైలు కూత మారినట్టేనని మీరు పిల్లలకు చెబుతూనే ఉంటారు కాబట్టి డాప్లర్ గురించి ఇంకేం చెప్పను. అంకె ఒక్కటే చెబుతాను: సెకనుకి 208 కిలోమీటర్ల వేగానికి 6563 ఆంగ్‌స్ట్రాముల దగ్గరి గీత నాలుగున్నర ఆంగ్‌స్ట్రాములు జరుగుతుంది. మంచి వర్ణపటమాపకానికి అది చాలా సులువైన పని.

ఇప్పుడు బోర్డు మీద లెక్క చూడండి. కక్ష్య గుండ్రంగా ఉంటే చిట్కా ఇది. నక్షత్రపు గరిష్ఠ వేగాన్ని, సెకనుకి ఇన్ని కిలోమీటర్లని, మూడుసార్లు వేసి గుణించుకోండి, అంటే ఘనం చేయండి. దాన్ని చుట్టు కాలంతో, అంటే రోజులతో, గుణించండి. వచ్చినదాన్ని 96 లక్షల 50 వేలతో భాగించండి. జవాబు సూర్యుడి బరువుల్లో వస్తుంది. ఆ భాగహారం సంఖ్య ఎక్కణ్ణుంచో ఊడిపడలేదు. న్యూటన్ గురుత్వ స్థిరాంకం, సూర్యుడి ద్రవ్యరాశి, రోజుకి ఎన్ని సెకన్లు, ఇవన్నీ కలిపితే వచ్చేది అది.

వీ404 సిగ్ని అనే జంటతారని, అంటే ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంటని, తీసుకుందాం. వేగం 208. మూడుసార్లు గుణిస్తే దాదాపు 90 లక్షలు. చుట్టు కాలం 6.47 రోజులు. గుణిస్తే 5 కోట్ల 82 లక్షలు. 96.5 లక్షలతో భాగిస్తే 6.03.

ఈ ఆరు అంటే ఏమిటో నిదానంగా వినండి. ఇది కనపడని వస్తువు బరువు కాదు. దాని బరువు ఇంతకంటే తక్కువ ఉండటానికి వీల్లేదని చెప్పే హద్దు. ఎందుకంటే మనం కొలిచిన వేగం మన వైపు వచ్చే భాగం మాత్రమే. కక్ష్య మనకు సరిగ్గా పక్కనుంచి కాక వాలుగా కనిపిస్తుంటే అసలు వేగం ఇంకా ఎక్కువ. పైగా కనిపించే నక్షత్రానికీ కొంత బరువుంటుంది. ఈ రెండు సవరణల్లో ఏది చేసినా బరువు పెరుగుతుందే కాని తగ్గదు. ఇక న్యూట్రాన్ నక్షత్రం, అంటే పెద్ద నక్షత్రం కూలాక మిగిలే దట్టమైన ముద్ద, ఎంత బరువు మొయ్యగలదు? సిద్ధాంతం ఎంత సాగదీసినా సూర్యుడికి మూడు రెట్లు. అది దాటితే తన బరువుకి తానే కూలిపోవాలి. చిన్న నక్షత్రం ఆరిపోయాక మిగిలే తెల్ల మరుగుజ్జుకి చంద్రశేఖర్ కట్టిన 1.4 హద్దు లాంటిదే ఇది కూడా, కాకపోతే అంత కచ్చితంగా తేల్చిన అంకె కాదు. వీ404లో కనీస బరువే ఆరు. నక్షత్రం ఎంత దూరంలో ఉంది, ఏ రకం, దాని బరువెంత, ఇవేవీ తెలియకుండానే తీర్పు వచ్చేసింది. 1992లో ఈ కొలత వెలువడ్డాక వాదించడానికి పెద్దగా ఏమీ మిగల్లేదు.

అదే లెక్క సిగ్నస్ ఎక్స్-1కి చేయండి. వేగం 75, చుట్టు కాలం 5.6 రోజులు. 75ని మూడుసార్లు గుణిస్తే 4,21,875. దాన్ని 5.6తో గుణిస్తే 23,62,500. భాగిస్తే 0.245. అంటే కనీసం సూర్యుడిలో పావు వంతు! ఆ మాత్రం బరువున్న నక్షత్రాలు వీధికొకటి ఉంటాయి. మరి కృష్ణబిలమని ఎలా అన్నారు? తోడున్న నక్షత్రం నీలి మహాదైత్య, చాలా బరువైనది. అంత బరువుని కదిలిస్తోందంటే రెండోది కూడా బరువైనదే అయ్యుండాలి. వాదన సరైనదే. కాని ఇప్పుడు మొత్తం భారం ఆ మహాదైత్య బరువు మీదకు పోయింది, ఆ బరువు దూరం మీద ఆధారపడింది. అంటే దూరంలో తప్పు వస్తే అది మొత్తం లెక్కలోకి పాకుతుంది.

జరిగిందీ అదే. 2011లో రేడియో టెలిస్కోపుల జాలంతో కొలిచినప్పుడు దూరం 6,070 కాంతి సంవత్సరాలు, కృష్ణబిలం 14.8 సూర్యుళ్ళు అన్నారు. 2021లో మళ్ళీ కొలిస్తే దూరం 7,200 కాంతి సంవత్సరాలైంది, బరువు 21.2కి ఎగబాకింది. దూరం ఐదో వంతు పెరిగితే బరువు నూటికి నలభై పైగా పెరిగింది చూడండి. ఎందుకలా? నక్షత్రం ఇంకా దూరంగా ఉండి కూడా అంతే వెలుగుతో కనిపిస్తోందంటే అది అసలు ఇంకా ప్రకాశవంతం, ఇంకా పెద్దది, ఇంకా బరువు. దాన్ని తిప్పేదీ ఇంకా బరువు. మరి మొదటి కొలత ఎందుకు తప్పింది? మనకు అందే రేడియో వెలుగు కృష్ణబిలం నుంచి కాదు, దాని దగ్గర పుట్టి బయటికి చిమ్మే జెట్ నుంచి వస్తుంది. ఆ మెరిసే చోటు జెట్ వెంట అటూ ఇటూ జరుగుతుంటుంది. దాన్ని విడగొట్టకపోతే, దూరం కొలవడానికి వాడే, భూమి కదలిక వల్ల కనిపించే జరుగుడులో, అంటే పారలాక్స్‌లో కలిసిపోతుంది. రెండోసారి ఒక పూర్తి చుట్టు పొడుగునా గమనించి ఆ కదలికని తీసేశారు.

[సభలోంచి ప్రశ్న: సార్, అసలు అక్కడ ఏదో ఉందని ముందు ఎలా అనుమానం వచ్చిందండి?]

ఎక్స్ కిరణాల వల్లమ్మా. మన వాతావరణం వాటిని కిందికి రానివ్వదు. 1964లో రాకెట్ మీద పరికరం పంపితే హంస మండలం వైపు ఒక గట్టి ఎక్స్ కిరణాల మూలం కనిపించింది. 1970 డిసెంబరు 12న కెన్యా తీరం నుంచి ఉహురు అనే ఉపగ్రహం ఎగిరాక, ఆ ఎక్స్ కిరణాలు సెకనులో చిన్న భాగానికే హెచ్చుతగ్గులు అవుతున్నాయని తేలింది. ఒక వస్తువు మిల్లీసెకనులో వెలుగు మార్చిందంటే అది 300 కిలోమీటర్లకు మించి ఉండకూడదు, ఎందుకంటే మిల్లీసెకనులో కాంతి పోయేది అంతే దూరం. 1971లో అక్కడే రేడియో మూలం కూడా దొరకడంతో చోటు కచ్చితమైంది. ఆ చోట ఉన్న నక్షత్రం పేరు హెచ్‌డీఈ 226868. దాని వర్ణపటం తీసి 5.6 రోజుల ఊగులాటని 1972లో బయటపెట్టింది ఇంగ్లండులో వెబ్‌స్టర్, మర్డిన్ జంట, కెనడాలో బోల్టన్, విడివిడిగా. హాకింగ్ 1974లో ఇది కృష్ణబిలం కాదని తోటి భౌతిక శాస్త్రవేత్త థార్న్‌తో పందెం కాసి, 1990లో ఓటమి ఒప్పుకున్న కథ మీకు తెలిసిందే కాబట్టి వదిలేస్తున్నాను.

ఎక్స్ కిరణాలు ఎందుకొస్తాయన్నది ఇంకాస్త చెప్పాలి. రెండు వస్తువుల మధ్య లాగుడు సమానమయ్యే హద్దు ఒకటుంటుంది, రోష్ హద్దు అంటారు. మన పొలాల్లో నీళ్ళు నిండితే గట్టంతా ఒకేసారి పొర్లదు, ఎక్కడ గట్టు పల్లంగా ఉందో అక్కడే పొర్లుతుంది కదండీ. ఆ హద్దులో అలాంటి పల్లం సరిగ్గా రెండింటినీ కలిపే గీత మీద ఉంటుంది. నక్షత్రం ఉబ్బి హద్దుని తాకితే దాని వాయువు ఆ చోటు నుంచే అటు జారుతుంది. జారింది తిన్నగా బిలంలో పడదు. రెండూ తిరుగుతున్నాయి కాబట్టి వాయువుకీ పక్క వేగం ఉంటుంది. అందుకని చుట్టూ పళ్ళెంలా పరుచుకుంటుంది. పొరకీ పొరకీ రాపిడితో లోపలి అంచు కోటి డిగ్రీల దాకా కాగుతుంది. అంత వేడి వస్తువు వెలిగేది ఎక్స్ కిరణాల్లోనే. హైడ్రోజన్ కలయికలో ద్రవ్యరాశిలో 0.7 శాతమే శక్తిగా మారుతుంది. ఈ పళ్ళెంలో తిరగని బిలానికి దాదాపు 6 శాతం, గరిష్ఠ వేగంతో తిరిగే బిలానికి 42 శాతం దాకా మారుతుంది. సిగ్నస్ ఎక్స్-1లో మటుకు మహాదైత్య హద్దు దాకా వచ్చింది కాని పూర్తిగా పొర్లలేదు. దాని నుంచి వీచే గాలిలో కొంత భాగాన్ని బిలం పట్టుకుంటోంది.

తోడు నక్షత్రం చిన్నదైతే వ్యవహారం వేరు. జారే వాయువు తక్కువ. పళ్ళెం చల్లగా, ఏళ్ళ తరబడి నిండుతూ ఉంటుంది. ఎక్కడో ఒక చోట ఉష్ణోగ్రత పెరిగి హైడ్రోజన్ అయాన్లుగా విడిపోగానే రాపిడి ఒక్కసారిగా పెరుగుతుంది. వేడి పక్క పొరకి అంటుకుని, పేరుకున్నదంతా వారాల్లో లోపలికి దిగుతుంది. అప్పుడు ఆకాశంలో కొత్త ఎక్స్ కిరణాల మూలం పుట్టినట్టు కనిపిస్తుంది. వీ404 సిగ్ని 1938లో అలా రేగింది, అప్పుడు మామూలు నోవా, అంటే ఉన్నట్టుండి వెలిగే నక్షత్రం, అనుకున్నారు. మళ్ళీ 1989లో రేగితే జపాను ఉపగ్రహం గింగా పట్టింది. మళ్ళీ 2015 జూన్‌లో రేగింది. ఆ సారి ఎనిమిది అంగుళాల టెలిస్కోపులున్న వాళ్ళకు కూడా దాని మిణుకు కనిపించింది.

ఇప్పుడు ఉపాధ్యాయులు నోట్సులో రాసుకోవాల్సిన భాగం. ఈ కొలతలో ఎక్కడెక్కడ కాలు జారుతుందో చెబుతాను.

రేగినప్పుడు నక్షత్రాన్ని కొలవలేం. పళ్ళెం వెలుగు ముందు నక్షత్రం మునిగిపోతుంది. చల్లారే దాకా ఆగాలి. చల్లారితే వీ404 పద్దెనిమిదో తరగతి వెలుగుకి (అంకె పెరిగేకొద్దీ మసక) పడిపోతుంది, నాలుగు మీటర్ల అద్దం కావాలి. పరుగెత్తి కొలవాలన్న ఆత్రం ఇక్కడ పనికిరాదు.

భూమి వేగం తీసేయాలి. మనమే సూర్యుడి చుట్టూ సెకనుకి 30 కిలోమీటర్ల చొప్పున పోతున్నాం. రాత్రి రాత్రికీ ఆ సవరణ చేయకపోతే నక్షత్రానికి లేని ఊగులాట వస్తుంది.

ఎక్స్‌పోజరు పొడుగైతే గీత అలుక్కుపోతుంది. ఏ0620-00 అనే జంటకి చుట్టు కాలం 7.75 గంటలే. దాని గరిష్ఠ వేగం సెకనుకి 435 కిలోమీటర్ల దగ్గర. కక్ష్యలో కొన్ని చోట్ల గంటలో దాని వేగం 350 కిలోమీటర్ల మేర మారిపోతుంది. గంటసేపు షట్టర్ తెరిచి ఉంచితే మీకు వచ్చేది గీత కాదు, మరక. వెలుగు చాలదని ఎక్స్‌పోజరు పెంచితే కొలత పోతుంది, తగ్గిస్తే వెలుగు చాలదు. అందుకే చిన్న చిన్న ఎక్స్‌పోజర్లు చాలా తీసి, ఒక్కో దాన్నీ దాని వేగం మేరకు వెనక్కి జరిపి, తరవాత కలుపుతారు.

అన్నిటికంటే ప్రమాదం ఏ గీతని కొలిచామన్నది. హైడ్రోజన్ 6563 గీత అందరికీ ఇష్టం, కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది కాబట్టి. కాని ఈ జంటల్లో అది పళ్ళెం నుంచో, చుట్టూ ఉన్న వాయువు నుంచో వస్తుంది. నక్షత్రపు ఉపరితలంలోనే పుట్టే లోహాల గీతలు పట్టుకోవాలి. 2019లో ఎల్‌బీ-1 అనే జంటలో 70 సూర్యుళ్ళ కృష్ణబిలం ఉందన్న ప్రకటన ఇక్కడే బోల్తా పడింది. దాదాపు నిశ్చలంగా ఉన్న వెలుగు గీత మీద తోడు నక్షత్రపు నల్ల గీత నీడ పడి, అది సన్నగా ఊగినట్టు భ్రమ కలిగించింది. 2020లో హెచ్ఆర్ 6819 విషయం కూడా అంతే. వెయ్యి కాంతి సంవత్సరాల దూరంలోనే కృష్ణబిలం అన్నారు, ప్రపంచమంతా వార్త అయింది. 2022లో పెద్ద టెలిస్కోపులని జతకట్టి చూస్తే అక్కడ దగ్గర దగ్గరగా రెండు మామూలు నక్షత్రాలే కనిపించాయి. ఒకటి తన పైపొరలని రెండోదానికి పోగొట్టుకుని తేలికపడినది. తేలికది కాబట్టి వేగంగా తిరుగుతోంది. దాన్ని బరువైనదని లెక్కేసేసరికి ఎదుట ఏదో పెద్ద బరువు ఉండాల్సి వచ్చింది. మొదట ప్రకటించిన వాళ్ళూ, కాదన్న వాళ్ళూ కలిసి కూర్చుని తేల్చుకున్నారు. ఈ మాట పిల్లలకి చెప్పండి, కృష్ణబిలం కథకంటే ఇది ఎక్కువ ఉపయోగం.

కక్ష్య వాలు ఇంకో తిప్పలు. కృష్ణబిలం లాగుడికి నక్షత్రం గుడ్డులా సాగుతుంది. అందుకని ఒక చుట్టులో రెండుసార్లు వెలుగు పెరిగి తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గు ఎంతుందో దాన్ని బట్టి కక్ష్యని పక్కనుంచి చూస్తున్నామా, పైనుంచి చూస్తున్నామా అన్నది తెలుస్తుంది. పళ్ళెం వెలుగు కొంత కలిసి ఉంటే హెచ్చుతగ్గు పలచబడుతుంది. పైనుంచి చూస్తున్నామని పొరపడతాం. అప్పుడు బరువు ఉన్నదానికంటే ఎక్కువ వస్తుంది. వీ404కి వాలు 67 డిగ్రీలు, తోడు నక్షత్రం సూర్యుడి కంటే తేలిక. ఇవి వేస్తే మన ఆరు కాస్తా తొమ్మిదవుతుంది.

ఇంతవరకు చెప్పినవన్నీ ఎక్స్ కిరణాలతో తమ ఉనికి చాటుకున్నవి. వాయువు జారనంత దూరంలో తోడు నక్షత్రం ఉంటే? బిలం పూర్తిగా నిశ్శబ్దం. అలాంటివాటిని యూరపు వాళ్ళ గయా ఉపగ్రహం పట్టింది. అది వర్ణపటం కంటే ముందు నక్షత్రం ఆకాశంలో గీసే చిన్న సుడిని కొలిచేది. 2022లో గయా బీహెచ్1 దొరికింది: 1,560 కాంతి సంవత్సరాల దూరం, మన సూర్యుడి లాంటి నక్షత్రం, 185.6 రోజులకు ఒక చుట్టు, ఎదుట తొమ్మిదిన్నర సూర్యుళ్ళ చీకటి. రెండింటి మధ్య సగటు దూరం భూమి, సూర్యుల దూరానికి 1.4 రెట్లు. ఇది ఎలా పుట్టిందో సరిగ్గా తేలలేదు. కృష్ణబిలం అవ్వకముందు ఆ పెద్ద నక్షత్రం ఉబ్బినప్పుడు అంత దగ్గరున్న చిన్నదాన్ని మింగేసి ఉండాల్సింది.

2024 ఏప్రిల్‌లో ప్రకటించిన గయా బీహెచ్3 ఇంకా ఆశ్చర్యం. 33 సూర్యుళ్ళ బరువు, దూరం దాదాపు 1,900 కాంతి సంవత్సరాలు, గరుడ మండలంలో, అంటే మన శ్రవణా నక్షత్రం ఉన్న మండలంలోనే. తోడు నక్షత్రం ఒక చుట్టు తిరగడానికి 11.6 ఏళ్ళు. బృహస్పతి చుట్టు 11.86 ఏళ్ళు కాబట్టి, గోదావరి వాళ్ళం పుష్కరానికి ఒక చుట్టు అనుకోవచ్చు. 2015 పుష్కరాల నాడు ఆ నక్షత్రం ఉన్న చోటుకి 2027 పుష్కరాల నాటికి ఇంచుమించు తిరిగి వచ్చేస్తుంది. ఇంత పొడుగు కక్ష్యకి ఏళ్ళ తరబడి వదలకుండా కొలవాలి. వారం పది రోజులు టెలిస్కోపు ఇస్తే కుదిరే పని కాదు.

[ప్రశ్న: మన దేశంలో ఈ పని జరుగుతోందాండి?]

జరుగుతోంది బాబూ. 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుంచి వెళ్ళిన ఆస్ట్రోశాట్‌లో ఎల్ఏఎక్స్‌పీసీ అనే పరికరం ఉంది, మిణుకుల్ని మిల్లీసెకను కంటే చాలా సన్నంగా కొలవగలిగింది. 2024 జనవరి 1న వెళ్ళిన ఎక్స్‌పోశాట్ ఎక్స్ కిరణాల ధ్రువణాన్ని కొలుస్తుంది. దాన్ని బట్టి పళ్ళెం, దాని మీది వేడి వాయువు ఏ ఆకారంలో ఉన్నాయో తెలుస్తుంది. ఇక జంటలో రెండూ కృష్ణబిలాలే అయితే వెలుగు బొత్తిగా ఉండదు, గురుత్వ తరంగాలు పట్టాలి. దానికి లైగో-ఇండియా మహారాష్ట్ర హింగోలి జిల్లాలో, మన గోదావరి ఎగువ ప్రాంతంలోనే కడుతున్నారు. 2023లో 2,600 కోట్లు మంజూరు చేశారు.

[ప్రశ్న: సిగ్నస్ ఎక్స్-1 నక్షత్రాన్ని మా కాలేజీ టెలిస్కోపుతో చూపించొచ్చా సార్?]

నిక్షేపంగా. వెలుగు 8.9, నాలుగు అంగుళాల టెలిస్కోపుకి సులువు. అక్టోబరు మొదటి వారంలో సాయంత్రం ఏడింటికి హంస మండలం మనకు ఉత్తరం వైపు ఎత్తుగా, 70 డిగ్రీల పైన ఉంటుంది. హంస మెడ మధ్యలో ఈటా అనే నాలుగో తరగతి చుక్క ఉంది. దానికి తూర్పుగా పూర్ణచంద్రుడి వెడల్పు కన్నా కాస్త తక్కువ దూరంలో ఉంటుంది ఇది. కోనసీమలో చిక్కల్లా తేమ. తీరం దగ్గర చెరువు గట్ల లైట్లు గాలిలో తేమకి తగిలి ఆకాశం తెల్లబడుతుంది. వాన వెలిసిన మర్నాడు చూడండి. అద్దం మీద మంచు పట్టకుండా గొట్టం ముందు నల్ల అట్ట చుట్టండి.

[ప్రశ్న: టెలిస్కోపు లేకపోతే?]

గయా డేటా ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. 2022లో విడుదల చేసిన మూడో విడతలో జంటతారల పట్టికే 4.4 లక్షల వరసలుంది. నాలుగో విడత 2026 డిసెంబరుకి అన్నారు. పట్టికలో వేగం, చుట్టు కాలం, కక్ష్య ఎంత కోలగా ఉందన్నది మూడూ ఉన్న వరసలు తీసుకోండి. బోర్డు మీది లెక్క చేసి, కక్ష్య కోలగా ఉంటే దానికి సవరణ వేయండి: కోలతనం వర్గాన్ని ఒకటిలోంచి తీసి, మిగిలినదాన్ని ఒకటిన్నర ఘాతానికి ఎత్తి, దాంతో గుణించాలి. మూడు దాటినవి పక్కన పెట్టండి. వాటిలో చుట్టు కాలం ఏడాదికో, అరేడాదికో, 63 రోజులకో దగ్గరగా ఉన్నవాటిని ముందు అనుమానించండి. ఉపగ్రహం ఆకాశాన్ని తుడిచే తీరులోనే ఆ కాలాలున్నాయి, దొంగ జవాబులు అక్కడే పుడతాయి. మిగిలిన వాటికి తోడు నక్షత్రం నిజంగా ఒంటరిగా వెలుగుతోందా, పక్కన మసక నక్షత్రపు వెలుగు కలిసిందా అన్నది వర్ణపటంలో చూడాలి. అంతవరకు వచ్చిన పేరు మీ దగ్గర ఒక్కటైనా ఉంటే, దానికి వర్ణపటం తీసిపెట్టమని పెద్ద టెలిస్కోపుకి దరఖాస్తు రాయడానికి కారణం దొరికినట్టే.